మంద నడకనుబట్టి కనుమ దాటుట

ముఖ్యోద్దేశము: ఎత్తయిన కొండదారిలో బలహీనుని నడకయే అందరి నడక కావలెనని గ్రహించుట.



నిరుడు మా సంఘములోని ఒక యౌవనస్థుడు స్నేహితులతో కలిసి హిమాలయములలో ఒక కనుమ దాటుటకు వెళ్లెను. రెండవ దినముననే అతనికి తలనొప్పి ఆరంభమాయెను. తన మూలముగా అందరికిని ఆలస్యమగునని ఎవరితోను చెప్పలేదు. మూడవ రాత్రి వాంతులై, లేచి నిలువబోయి తూలిపోవుచుండగా, తోటివారు చీకటిలోనే అతనిని క్రిందికి దింపిరి. దిగినందున బ్రదికెను. మన పిల్లలు అనేకులు బెంగళూరు, పూణె పట్టణములలో ఉద్యోగములు చేయుచు సెలవులలో ఇట్టి యాత్రలకు పోవుచున్నారు గనుక ఈ పాఠము వ్రాయుచున్నాను.

1. కాపరుల దారి

హిమాచల్ ప్రదేశ్‌లో చంబా జిల్లాలోని భర్మౌర్ ప్రాంతమునుండి లాహౌల్‌కు పోవు దారిలో కుగ్తి కనుమ ఉన్నది. దాని ఎత్తు సుమారు 5,040 మీటర్లు, అనగా 16,500 అడుగులు. బెంగళూరు ఎత్తు సుమారు 900 మీటర్లే. ఈ కనుమ గద్దీలను గొర్రెల కాపరుల దారి. చలికాలములో వారి మందలు కాంగ్రా మొదలైన దిగువ కొండలలో మేయును. ఎండలు ముదిరినకొలది పైకి కదలి, జూన్ ప్రాంతమున కనుమ దాటి లాహౌల్ చేరును. వర్షపు మేఘములను పర్వతములు అడ్డగించుటచేత అక్కడ వాన తక్కువ. మంచు కరిగినచోట మంచి మేత మొలచును. చలి ముదరకముందే, సెప్టెంబరు ప్రాంతమున, మందలు తిరిగివచ్చును. 2020లో అటల్ సొరంగము తెరువబడినందున మనాలినుండి లాహౌల్‌కు రోడ్డు ప్రయాణము సులువాయెను. అయినను గొర్రెలకు దారి పొడవునను మేత కావలెను గదా!

2. కాపరి నడక

గద్దీ కాపరి చోళా అను ఉన్ని అంగీ తొడిగి, నడుమునకు డోరా అను పొడవైన ఉన్నితాడు అనేక చుట్లుగా చుట్టుకొనును. తల్లి వెంట నడువలేని పసి గొర్రెపిల్లను ఆ అంగీ మడతలో పెట్టుకొని మోయును. మంద మేయుచు పోవును గనుక వారముల తరబడి మెల్లమెల్లగా ఎత్తెక్కును. ఎండకు మెత్తబడిన మంచులో కాళ్లు దిగబడును గనుక, తెల్లవారుజామున అది గట్టిగా ఉండగానే దాటుట క్షేమము.

3. దేహములో జరుగునది

5,000 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో ఇంచుమించు సగమే. గాలిలో ప్రాణవాయువు అక్కడను నూటికి 21 వంతులే. గాని ఒత్తిడి తగ్గుటవలన ఒక్కొక్క శ్వాసలో మనకు దొరకునది సగమే. దేహము దీనికి అలవాటుపడును, గాని దినములు పట్టును. విమానములోను జీపులోను పోయి వెంటనే ఎక్కువానికి ఆ వ్యవధి లేదు. యౌవనబలమైనను, వ్యాయామమైనను ఇక్కడ కాపాడవు.

4. జ్ఞాపకముంచుకొనవలసిన నియమములు

(అ) 3,000 మీటర్లు దాటిన తరువాత, పండుకొను చోటు గతరాత్రి చోటుకంటె 500 మీటర్లకు మించి ఎత్తుగా ఉండరాదు. మూడు నాలుగు దినములకొకసారి అదే ఎత్తున మరియొక రాత్రి గడుపవలెను.

(ఆ) తలనొప్పి, వికారము, ఆకలి లేకపోవుట, తల తిరుగుట మొదటి గుర్తులు. అవి పోవువరకు పైకెక్కరాదు.

(ఇ) తూలుట, మతి తప్పినట్లు మాటలాడుట, కూర్చుండినను ఆయాసపడుట ప్రాణాపాయ సూచనలు. మెదడు వాచుచుండవచ్చును, లేక ఊపిరితిత్తులలో నీరు చేరుచుండవచ్చును. రాత్రియైనను వెంటనే క్రిందికి దింపవలెను, ఒంటరిగా పంపరాదు.

(ఈ) గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ముందుగానే డాక్టరును అడుగవలెను. మాత్రలు కూడ ఆయన సలహామీదనే వాడవలెను.

5. మనకు పాఠము

ఏశావు తనతో కూడ రమ్మన్నప్పుడు, మెల్లగా వచ్చెదనని యాకోబు చెప్పుటకు కారణమేమో ఆదికాండము 33వ అధ్యాయములో చదివియున్నాము. మందను ఎరిగినవాడు తొందరపడడు. "నాకు బాగుండలేదు" అని చెప్పుట సిగ్గు కాదు. అట్లు చెప్పినవానిని చూచి నవ్వుటయే సిగ్గు. మా యౌవనస్థుడు ఆ మాట రెండవ దినముననే చెప్పియుండిన, ఒక దినము ఆలస్యముతో పోయెడిది. తలిదండ్రులారా, మీ పిల్లలను పంపునప్పుడు దుప్పట్లతో పాటు ఈ మాటయు ఇచ్చి పంపుడి. కనుమ వచ్చే సంవత్సరమును అక్కడనే ఉండును.

ప్రశ్నలు

1. మంద మెల్లగా ఎక్కుటవలన కాపరి దేహమునకు కలుగు మేలేమి?
2. ఏ గుర్తులు కనబడినప్పుడు రాత్రియని చూడక దిగవలెను?
3. మన యింటిలోను, పనిలోను వెనుకబడినవారికొరకు మనము ఆగుచున్నామా?