ఇంటర్వ్యూ ధైర్యం సాధనతోనే వస్తుంది

రాతపరీక్ష గట్టెక్కినవాళ్లు కూడా ఇంటర్వ్యూ పిలుపు రాగానే బెంబేలెత్తిపోవడం కాగజ్‌నగర్, ఆసిఫాబాద్, బెల్లంపల్లి, మంచిర్యాల వైపు తరచూ కనిపిస్తుంది. ఇంగ్లిషులో తడబడతామేమో, మన యాస విని నవ్వుతారేమో, హైదరాబాద్ పిల్లల ముందు తేలిపోతామేమో అని లోలోపలే కుమిలిపోతారు. వీళ్లకు చదువు తక్కువేమీ కాదు. కొత్తవాళ్ల ముందు కూర్చుని తమ గురించి తాము చెప్పుకున్న అలవాటు లేదంతే. ఆ అలవాటు చేసుకుంటే ధైర్యం దానంతటదే వస్తుంది.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం కూడా ఇదే చెబుతుంది. ‘నేను చేయగలను’ అన్న నమ్మకానికి అన్నిటికన్నా గట్టి పునాది, అదే పనిని అంతకుముందు చేసి నెగ్గిన అనుభవం. మనలాంటివాళ్లు గెలవడం చూడటం, నమ్మకమైనవాళ్ల ప్రోత్సాహం, శరీరంలోని కంగారును అదుపులో పెట్టుకోవడం కూడా తోడ్పడతాయి.

ముందు ఇంటర్వ్యూ విలువెంతో తెలుసుకోండి

2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం గ్రూప్-సి, గ్రూప్-డి, నాన్‌గెజిటెడ్ గ్రూప్-బి కొలువులకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణలో 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకూ ఎత్తేశారు. కాబట్టి మీరు రాసే పరీక్షకు అసలు ఇంటర్వ్యూ ఉందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఐబీపీఎస్ పీవో ఎంపికలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున వెయిటేజీ ఉంటుంది. అంటే గదిలోకి వెళ్లేసరికే ఫలితంలో పెద్ద భాగం మీ కష్టంతో తేలిపోయి ఉంటుంది. ప్రైవేటు ఉద్యోగాల్లో మాత్రం ఇంటర్వ్యూదే పెద్దపీట. అక్కడ సాధన మరింత అవసరం.

మీ ఊరు, మీ పని మీకు బలం

‘మీ గురించి చెప్పండి’ అన్నదే దాదాపు ప్రతిచోటా మొదటి ప్రశ్న. ఆ వెంటనే ఊరి గురించి అడుగుతారు. కాగజ్‌నగర్ అభ్యర్థికి చెప్పడానికి ఎంతో ఉంది. నిజాం కాలంలో 1938లో నెలకొల్పిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడింది. 2018లో జేకే పేపర్ ఆధ్వర్యంలో మళ్లీ తెరుచుకుంది. ఒక్క పరిశ్రమ మీద ఆధారపడిన పట్టణంలో అది ఆగిపోతే కిరాణా కొట్టు నుంచి పిల్లల ఫీజుల దాకా ఏమవుతుందో మీరు కళ్లారా చూశారు, లేదా ఇంట్లో విన్నారు. వాణిజ్యం, బ్యాంకింగ్, ఇంజినీరింగ్... ఏ రంగానికి వెళ్లినా దీనిపై రెండు నిమిషాలు మాట్లాడగలగాలి.

తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, గోండి, నజ్రుల్‌నగర్ వైపు బెంగాలీ వినిపించే ప్రాంతం మనది. పలు భాషలవాళ్లతో మెలిగిన అలవాటు బ్యాంకులోనైనా, కంపెనీలోనైనా పనికొచ్చేదే. దాన్ని చెప్పడానికి మొహమాటపడొద్దు.

చదువులో గ్యాప్ ఉంటే దాచకండి. ‘డిగ్రీ అయ్యాక ఇంటి పరిస్థితి వల్ల రెండేళ్లు ఎరువుల దుకాణంలో లెక్కలు చూశాను. రైతుల బాకీల ఖాతాలన్నీ నేనే రాసేవాణ్ని’ అని చెప్పగలిగితే అది అనుభవం కింద లెక్కకొస్తుంది. ఏం చేశారో, దానివల్ల ఏం నేర్చుకున్నారో రెండూ చెప్పండి.

భాష గురించి దిగులు వద్దు

శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ తెలుగు మాధ్యమంలో సివిల్స్ రాసి, ఇంటర్వ్యూలోనూ తెలుగులోనే మాట్లాడి, 2016 సివిల్స్‌లో జాతీయ స్థాయిలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. అన్ని ఉద్యోగాలకూ ఈ వెసులుబాటు ఉండదు. ఇంగ్లిషు తప్పనిసరైన చోట చిన్న వాక్యాల్లో, నెమ్మదిగా చెప్పండి. యాస మార్చుకోవాలని తంటాలు పడొద్దు. మాట స్పష్టంగా ఉంటే చాలు.

జవాబు తెలియదేమోనన్న దిగులూ వద్దు. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించారు. అది ఆయన ఐదో ప్రయత్నం. ఆయనకు వచ్చిన మార్కులు 2025కు 1126. దేశంలో మొదటి ర్యాంకరుకు కూడా నూటికి నూరు రాలేదు. అలాంటప్పుడు ఒక ప్రశ్నకు జవాబు తెలియకపోతే కంగారెందుకు? ‘తెలియదు సార్, తెలుసుకుంటాను’ అని నిజాయితీగా చెప్పి తర్వాతి ప్రశ్నకు సిద్ధం కండి.

రోజూ చేయాల్సిన సాధన

రెజ్యుమెలో రాసిన ప్రతి మాట మీద మూడు ప్రశ్నలు మీరే రాసుకుని, జవాబులు బిగ్గరగా చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. తర్వాత స్నేహితులు ముగ్గురు నలుగురు కలిసి మాక్ ఇంటర్వ్యూ పెట్టుకోండి. ఆపైన కాలేజీ లెక్చరర్‌నో, ఊళ్లోని బ్యాంకు ఉద్యోగినో బతిమాలి ప్రశ్నలు అడిగించుకోండి. తెలిసినవాళ్ల నుంచి పెద్దగా పరిచయం లేనివాళ్ల దాకా ఇలా మెట్టు మెట్టుగా వెళితే అసలు ఇంటర్వ్యూ నాటికి భయం చాలావరకు తగ్గిపోతుంది. మీ మంచి కోరేవాళ్లు చెప్పే తప్పులను రాసిపెట్టుకుని, వారానికి ఒకటి చొప్పున సరిదిద్దుకోండి.

ముందురోజే చేరుకోండి

కాగజ్‌నగర్ నుంచి సికింద్రాబాద్ రైల్లో సుమారు 300 కిలోమీటర్లు. అదే రోజు ఉదయం రైలెక్కి, అది ఆలస్యమైతే పడే హైరానా అంతా ముఖంలో కనిపిస్తుంది. వీలైతే ముందురోజే వెళ్లి బంధువుల ఇంట్లోనో, హాస్టల్లో ఉన్న స్నేహితుల దగ్గరో దిగండి. సర్టిఫికెట్ల ఒరిజినళ్లు, జిరాక్సులు విడివిడిగా సర్దుకోండి. కొత్త బట్టలకన్నా ఉతికి ఇస్త్రీ చేసిన, అలవాటైన బట్టలు మేలు. పిలుపు కోసం ఎదురుచూసేటప్పుడు నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలండి. గుండె దడ తగ్గుతుంది.

ఒక్క ఇంటర్వ్యూ పోయినంత మాత్రాన మీ విలువ తగ్గదు. బయటికి రాగానే అడిగిన ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి, తర్వాతి ఇంటర్వ్యూకు అవే మీ పాఠాలు. పిలుపు వచ్చేదాకా ఆగకుండా, ఈ సాయంత్రమే ఇద్దరు స్నేహితులను పిలిచి మొదటి మాక్ ఇంటర్వ్యూ పెట్టుకోండి.