కొండగట్టు రాతి నుండి కడలి వాలు వరకు

కొండగట్టు గుట్టలను చూచినవారికి రాయి శాశ్వతమను భావము కలుగుట సహజము. కాని భూగర్భ శాస్త్రజ్ఞుని దృష్టిలో రాయియు ఒక బాటసారియే. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, వాననీటికి నాని, చెట్ల వేళ్ళకు బీటలు వారి, సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిల మొరముగను, ఇసుకగను, బంకమన్నుగను మారుచున్నది. ఆ మన్నును వాన వాగులో వేయును. వాగు నదికి అప్పగించును. కోరుట్ల, జగిత్యాల చేల మీది నీరు గోదావరికి పారును. సిరిసిల్ల ప్రాంతపు నీరు మానేరులో పడి, మంథని ప్రాంతమున ఆ గోదావరినే చేరును. శ్రావణ మాసమున ధర్మపురి రేవులో నది ఎర్రగా పారుచున్నదన్నచో ఆ ఎరుపులో మన చేల పాలు కూడ ఉన్నదని గ్రహింపవలెను.

ఈ మట్టి తుదకు ఎక్కడ ఆగును? సముద్రములో అని చిన్న పిల్లవాడైనను చెప్పును. సముద్రములో ఏ చోట, ఏ విధముగా, ఎంతకాలము అని అడిగినప్పుడు మాత్రము పెద్దలమైన మనము కూడ తడుముకొందుము. నీటి క్రింద మట్టి నిశ్చలముగా పడియుండునని మన ఊహ. వాస్తవము వేరు. మన తూర్పు తీరమున ఆ మట్టి తన బరువుతో తన పాన్పునే కదిలించుచున్నది. ఆ కదలిక తరువాత వచ్చు మట్టి ఎక్కడ నిలువవలెనో నిర్ణయించుచున్నది. ఈ వ్యాసమున వివరింపదలచిన విషయ మిదియే.

మాటలోని శాస్త్రము

నీటి అడుగున పేరుకొను మట్టిని తెలుగు శాస్త్ర గ్రంథములలో 'అవక్షేపము' అందురు. 'అవ' అనగా క్రిందికి, 'క్షేపము' అనగా విసరుట. నీరు మోయలేక క్రింద విడిచినది అవక్షేపము. ఉర్దూ చదువుకొను మన విద్యార్థులకు 'తహ్' అను మాట సుపరిచితము. పొర అన్నను తహ్, అడుగు అన్నను తహ్, మడత అన్నను తహ్. ఈ మూడు అర్థములను వరుసగా పేర్చినచో మన కథ యంతయు అందులో ఇమిడియున్నది: పొరలుగా వచ్చినది అడుగున చేరి మడత పడును.

సముద్రపు అడుగు నిర్మాణము

తీరమునుండి లోనికి పోవు కొలది సముద్రము ఒక్కసారిగా లోతు కాదు. మొదట ఖండతీరపు అంచు అను మెరక పీట ఉన్నది. అక్కడ నీటి లోతు సాధారణముగా 200 మీటర్లకు మించదు. దాని కొసన నేల వంగి, వేల మీటర్ల లోతునకు దిగును. దీనిని ఖండతీరపు వాలు అందురు. వాలు అనగానే నిట్టనిలువు కొండచరియను ఊహింపరాదు. అనేక చోట్ల అది కొద్ది డిగ్రీలు మాత్రమే వంగియుండును. వాలునకు దిగువ అగాధ సముద్ర మైదానము వ్యాపించియున్నది.

వాలు మీదికి మట్టి మూడు విధముల చేరును. మొదటిది నెమ్మదైన వర్షము. నీటిలో తేలు సన్నని బంకమన్ను, సూక్ష్మజీవుల గుల్లలు సంవత్సరముల తరబడి రాలుచుండును. ఈ పద్ధతిని వేయి సంవత్సరములు గడచినను కొన్ని సెంటీమీటర్లు, మహా అయినచో కొన్ని పదుల సెంటీమీటర్లు మాత్రమే పేరుకొనును. రెండవది బురద ప్రవాహము. మట్టి కలిసిన నీరు మామూలు నీటికన్న బరువు గనుక, అది వాలు వెంట నదివలె దిగి, దారిలో కాలువలు త్రవ్వి, ఒడ్డులు కట్టి, ఇసుకను దూరమునకు కొనిపోవును. మూడవది జారుడు. అంతవరకు కుదురుగా ఉన్న పొరలు ఒక్కుమ్మడిగా ఊడి, కలగాపులగమై క్రిందికి జారి మరియొకచోట కుప్పపడును.

ఈ బురద ప్రవాహపు బలము లోకమునకు తెలిసిన విధము చిత్రమైనది. 1929 నవంబరు 18న ఉత్తర అమెరికా తూర్పు తీరమున గ్రాండ్ బ్యాంక్స్ వద్ద భూకంపము వచ్చినది. సముద్రపు అడుగున పరచిన 12 తంతి తీగలు తెగిపోయినవి. కొన్ని అప్పుడే తెగినవి. తక్కినవి గంటల తరబడి, పైనుండి క్రిందికి, వరుస తప్పక తెగినవి. 1952లో హీజన్, యూయింగ్ అను శాస్త్రజ్ఞులు ఆ కాలములను, దూరములను లెక్కగట్టి, వాలు నుండి ఊడిన బురద గంటకు 60 కిలోమీటర్లకు మించిన వేగముతో దిగి తీగలను తెంచినదని నిరూపించిరి. తీగలు తెగిన గడియలే ఆ ప్రవాహమునకు సాక్ష్యములైనవి.

బంగాళాఖాతపు రెండు వాలులు

భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉన్నదనియు, అవి కదలుచుండుననియు నేడు అందరు అంగీకరించిన సిద్ధాంతము. బంగాళాఖాతపు తూర్పు దిక్కున, అండమాన్, సుమత్రాల వద్ద, మన భారత పలక మరియొక పలక క్రిందికి దూరుచున్నది. అక్కడి అవక్షేపములు గడ్డపార ముందు పోగుపడిన మన్నువలె గీయబడి, మడతలై, గట్లుగా లేచుచున్నవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఆ దూరుటలో కలిగిన తెంపు వలననే వచ్చినది.

పడమటి దిక్కున ఉన్న మన తీరమునకు అట్టి పలకల సరిహద్దు లేదు. సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట అంటార్కిటికా నుండి భారత భూఖండము విడిపోయినప్పుడు ఏర్పడిన తెగిన అంచు ఇది. కనుక ఇది నిద్రించు తీరమని పేరు పడినది. అయినను కృష్ణా గోదావరి నదుల ఎదుట ఉన్న వాలును ధ్వని తరంగములతో పరిశీలించినప్పుడు అక్కడ పగుళ్ళు, ఉబ్బులు, మడతలు, జారుళ్ళు విస్తారముగా కనబడినవి. త్రోయు పలక లేనిచోట ఈ కదలిక ఎట్లు వచ్చినది?

దానికి సమాధానము మట్టి బరువులోనే ఉన్నది. గోదావరి 1465 కిలోమీటర్లు ప్రవహించి, 3 లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన నేలను కడిగి తెచ్చును. మహారాష్ట్రపు నల్లరేగడి, మన ఎర్రమట్టి, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చిన మన్ను అన్నియు ఒకే ముఖమున పడుచున్నవి. కృష్ణా గోదావరి ప్రాంతపు సముద్రభాగమున ఐదు కిలోమీటర్లకు మించిన మందముగల అవక్షేపములు ఉన్నవి. బంకమన్ను తనలో ఎంతో నీటిని పట్టియుంచుకొనును. దానిపై క్రొత్త మట్టి త్వరత్వరగా పడినచో, లోని నీరు బయటపడుటకు వ్యవధి దొరకదు. అప్పుడు పైబరువును మట్టి రేణువులతో పాటు ఆ చిక్కుబడిన నీరు కూడ మోయవలసివచ్చును. రేణువుల మధ్య పట్టు సడలి, లోతున ఉన్న బంకపొర గట్టినేలవలెగాక, తడిపిన పిండివలె మెత్తబడి జరుగజొచ్చును.

తరువాతి పరిణామమును సిరిసిల్ల నేతగాని ఇంటిలోనే చూడవచ్చును. నున్నని బల్లపై రెండు బట్టలను కొసకు కొస తగులునట్లు పరచి, ముందరి బట్టను ముందుకు త్రోయుడు. వెనుక, రెండు బట్టల నడుమ సందు ఏర్పడును. ముందు కొసన బట్ట అడ్డు తగిలిన చోట ముడుతలు లేచును. వాలుపై జరుగునది ఇదియే. వాలు ఎగువ భాగమున పొరలు చీలి, వంపు తిరిగిన భ్రంశములు ఏర్పడును. నడుమ మెత్తని బంక పైకి ఉబ్బి దిబ్బలగును. దిగువ కొసన పొరలు ఒకదానిపై ఒకటి ఎక్కి మడత పడును. కనుక మన వాలును కదిలించు శక్తి భూగర్భపు లోతులనుండి గాక, మన చేలనుండి పోయిన మట్టినుండియే ప్రధానముగా వచ్చుచున్నది.

కదలిక నేర్పిన పేర్పు

నేల కదలినపుడు మట్టి పేరుకొను పద్ధతి కూడ మారును. భ్రంశమునకు ఒక ప్రక్క నేల దిగుచున్నచో ఆ గుంతలోనికి మట్టి ఎక్కువగా వచ్చి చేరును. చేరిన బరువుతో గుంత మరికొంత దిగును. దిగినకొలది మరింత మట్టి చేరును. అందువలన ఒకే కాలపు పొర భ్రంశమునకు ఈవల పలుచగను, ఆవల మందముగను ఉండును. ఉబ్బిన దిబ్బల నడుమ చిన్న తొట్లు ఏర్పడి, ఎగువనుండి వచ్చు ఇసుకను చెరువులవలె పట్టియుంచును. తొట్టి నిండిన పిమ్మట బురద ప్రవాహము పొర్లి దిగువ తొట్టికి పోవును. గొలుసుకట్టు చెరువులు కట్టిన తెలంగాణము వారికి ఈ ఏర్పాటు వేరుగా వివరింపనక్కర లేదు. దిబ్బ ప్రక్కలు మితిమీరి నిలువుగా అయినపుడు జారుడు కలుగును. ఆ జారిన చోట వేల సంవత్సరముల చరిత్ర ఒక్కమారుగా మాయమగును. క్రింద పడినచోట ఆ చరిత్రయే తలక్రిందులై పడియుండును. కాబట్టి ఇట్టి వాలుపై ఒక్కచోట త్రవ్విన మట్టిని చూచి కాలక్రమమును తేల్చుట, పుటలు చినిగిన గ్రంథమును చదివి కథ చెప్పుట వంటిది.

ఇందులో సముద్రపు మట్టము యొక్క పాత్రను కూడ మరువరాదు. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, మంచుయుగపు తీవ్ర దశలో, సముద్ర మట్టము నేటికన్న ఇంచుమించు 120 మీటర్లు క్రింద ఉండెను. నేడు నీట మునిగియున్న ఖండతీరపు అంచు నాడు చాలవరకు పొడినేల. నదులు ఆ నేలమీదుగా సాగి తమ మట్టిని నేరుగా వాలు నెత్తిన కుమ్మరించెను. మట్టము పెరిగిన పిమ్మట నది ముఖము వెనుకకు వచ్చి, మట్టి అధికభాగము డెల్టాలోను, అంచు మీదను నిలువసాగినది. వాలుపై మందమైన పొరలలో పెక్కు నాటి వరదల వారసత్వమే.

త్రవ్వి చూచినవారి సాక్ష్యము

ఈ మాటలు ఊహలు కావు. 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమము క్రింద 'జాయిడెస్ రిజల్యూషన్' అను నౌక మన తీరములలో త్రవ్వకములు జరిపినది. కృష్ణా గోదావరి వాలుపై ఇంచుమించు 1000 మీటర్ల నీటి లోతున, సుమారు 130 మీటర్ల మందమున, మంచువలె గడ్డకట్టిన మీథేన్ వాయువు కనబడినది. అది బంకమన్ను పగుళ్ళలో నిండియుండెను. పగుళ్ళు కదలిక వలన పుట్టినవి. కదలిక మట్టి బరువు వలన పుట్టినది. 2015లో 'చిక్యూ' అను జపాను నౌక జరిపిన రెండవ విడత త్రవ్వకములలో ఇట్టి హైడ్రేట్ ఇసుక పొరలలో కూడ లభించినది. 2018లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు 'సింధు సాధన' నౌకపై పోయి, ఈ వాలుపై మీథేన్ వాయువు ఊరుచున్న చోటును, దాని నాశ్రయించి బ్రతుకు జీవులను కనుగొనిరి. నిద్రించుచున్నదనుకొన్న తీరము ఊపిరి తీయుచున్నదన్న మాట.

మన నేల క్రింద కూడ ఒక పాత పగులు ఉన్నది. ప్రాణహిత గోదావరి పగులు లోయ అను ఆ ప్రాచీన చీలికలోనే సింగరేణి బొగ్గు నిక్షిప్తమైనది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్ద 5.7, 2024 డిసెంబరు 4న ములుగు వద్ద 5.3 తీవ్రతగల భూకంపములు ఆ లోయ ప్రాంతముననే సంభవించినవి. లోతునుండి వచ్చు ఇట్టి అదరు సముద్రపు వాలుకు అందినపుడు, పడుటకు సిద్ధముగా ఉన్న దిబ్బకు చిన్న నెట్టు చాలును. సహజ వాయువు తీయు బావులు, గొట్టములు, సముద్రపు తంతి తీగలు ఈ వాలుపైననే నిలువవలసియున్నవి. అందువలన ఏ దిబ్బ ఎంత నిలకడగా ఉన్నదో తెలిసికొనుట పండితుల వినోదము కాదు. పనివారి ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

ఆగిన మట్టి

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1963 జులై 26న పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ మన చేలకు కాకతీయ కాలువ ద్వారా నీరిచ్చుచున్నది. ఆ మేలు మరువరానిది. కాని నీరు ఆగినచోట మట్టియు ఆగును. 112 టి.ఎం.సి.ల నిలువకు ఉద్దేశింపబడిన ఆ జలాశయపు సామర్థ్యము పూడిక వలన సుమారు 80 టి.ఎం.సి.లకు తగ్గినది. మరియొక కొసన నష్టము వేరు రూపమున కనబడుచున్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు మాలిని, నాగేశ్వరరావుగార్లు 2004లో ప్రకటించిన లెక్క ప్రకారము, గోదావరి ఏటేట తెచ్చు తేలుమట్టి 1970ల నాటి 15 కోట్ల టన్నుల నుండి 1990లలో 6 కోట్ల టన్నుల లోపునకు పడిపోయినది. ఆనకట్టలే దీనికి ముఖ్య కారణమని వారు చెప్పిరి. ఫలితముగా డెల్టా అంచున పలుచోట్ల సముద్రము నేలను కోసికొనిపోవుచున్నది. మట్టి పేరుకొనుట ఆగినను, డెల్టా తన బరువుతో క్రుంగుట ఆగదు గదా!

విద్యార్థి మిత్రులారా, చేను, జలాశయము, డెల్టా, కడలి వాలు, ఈ నాలుగును ఒకే ఆస్తికి వారసులు. ఒకరి వాటా పెరిగినచో మరియొకరి వాటా తగ్గును. చేని గట్టు తెగినప్పుడు కట్టుకొనుట, చెరువు పూడిక తీసి ఒండ్రును తిరిగి పొలమునకు తోలుకొనుట మన పెద్దలు ఎరిగిన శాస్త్రమే. వేసవిలో గోదావరి ఒడ్డు కోసిన చోట నిలిచి పొరలను లెక్కింపుడు. ఇసుక పొర పెద్ద వరదకు, బంక పొర నిదానమైన నీటికి గురుతులు. ఆ రెంటి భేదమును కంటితో చూచినవారు సముద్రపు వాలును గూర్చిన పెద్ద గ్రంథమున మొదటి పాఠమును చదివినవారే యగుదురు. తక్కిన పాఠములు చెప్పుటకు హైదరాబాదులో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి విద్యాలయములు ఉన్నవి. ఈ కళాశాలనుండి కొందరైనను ఆ తలుపు తట్టుదురు గాక!