సంఘ కార్యాలయములో మనము చూడని ద్వారములు

చేనుచుట్టును గట్టు ఎంత బలముగా వేసినను, ఎవరును చూడని మూలలో ఒక్క యెలుకబొరియ యున్నచో తెల్లవారుసరికి మడిలో నీరు నిలువదు. మన సంఘపు లెక్కలకును ఈ న్యాయమే వర్తించును.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి తెచ్చుటకు కేంద్రప్రభుత్వము 2022 జూన్ నెలలో 63,000 సంఘములకు పథకము మంజూరుచేసెను. కంప్యూటరును అందరును కనిపెట్టి యుందురు. ప్రింటరును, గోడమీది కెమెరాను, దాని రికార్డరు పెట్టెను, బీరువాపై రౌటరును ఎవరును పట్టించుకొనరు. ఇవియు చిన్న కంప్యూటరులే. తీగతోనో వైఫైతోనో లెక్కల యంత్రముతో కలిసియుండును. నేను చూచిన యొక సంఘములో రికార్డరు పాస్‌వర్డు పెట్టెపైననే చీటీగా అంటించియుండెను.

2016లో మిరాయి యను దుష్ట ప్రోగ్రాము ఇట్టి కెమెరాలను, రికార్డరులను, రౌటరులను లోకమంతట వెదకెను. ఫ్యాక్టరీవారు పెట్టిన పాస్‌వర్డులను యజమానులు మార్చలేదు. అట్టివి సుమారు 60 గల పట్టికనుండి వేసి చూచి, అది లక్షలకొలది పెట్టెలను వశపరచుకొనెను. ఆ యేడు అక్టోబరు 21న అమెరికాలోని డైన్ కంపెనీపై దాడి జరుగగా, ట్విట్టరు మొదలైన వెబ్‌సైట్లు గంటలకొలది అందకపోయెను.

ఇది పరదేశపు సంగతి యనుకొనరాదు. 2022 జనవరిలో హైదరాబాదు మహేష్ సహకార అర్బన్ బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా అపహరింపబడెను. అచ్చట ద్వారము కెమెరా కాదు, ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిలు. ఐనను పాఠ మొక్కటే. లోపల అడ్డుగట్టు లేనిచో, ఒక చిన్న యంత్రములో చొరబడినవాడు ఖజానావరకు పోగలడు. సైబరు భద్రతా నియమములు పాటింపనందుకు ఆ బ్యాంకునకు రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల రూపాయల జరిమానా విధించెను. మన సంఘములో నున్నది మన వాటాధనము, డిపాజిట్లు, పంటఋణముల లెక్కలు, ఆధార్ సంఖ్యలు.

కావున ఈ పనులు చేయవలెను:

1. తీగతో గాని వైఫైతో గాని కలిసిన ప్రతి వస్తువును ఒక పుస్తకములో వ్రాయవలెను.

2. ఫ్యాక్టరీ పాస్‌వర్డును బిగించిన నాడే మార్చవలెను.

3. లెక్కల యంత్రమునకు ఒక మార్గము, కెమెరాలకును వచ్చిపోవువారి ఫోనులకును వేరొక మార్గము ఏర్పరచవలెను.

4. కంపెనీవారు పంపు అప్‌డేట్లు వేయవలెను. అవి నిలిచిపోయిన పాత పెట్టెను తీసివేయవలెను.

5. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

రాబోవు సర్వసభ్య సమావేశములో కార్యదర్శిగారిని ఒక ప్రశ్న యడుగుడు: "మన కార్యాలయమున ఇంటర్నెట్టుతో కలిసిన వస్తువులు ఎన్ని?" జవాబు వెంటనే రానిచో, గట్టు చూచుకొనవలసిన దినము వచ్చినదని తెలిసికొనుడు.