ఏది ఒత్తితే తగ్గుతది, చెల్లె?

చెల్లె, నిన్న ఫోన్‌ల మొత్తుకున్నవ్ గదా, కరీంనగర్ షాపుల కంప్యూటర్ డ్రైవ్ గీత ఎర్రగైందని, లగ్గాల సీజన్ల పత్రికలు సేవ్ గూడ అయితలేవని. డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌ల "కంప్రెస్ దిస్ డ్రైవ్" అన్న గడిల టిక్ పెట్టుమని పక్క షాపాయన చెప్పిండన్నవ్. జర ఆగు. ఆ టిక్కు మంచిదే గని, డ్రైవంతటికీ పెట్టేది గాదు.

అది చేసే పనేందో ముందుగాల చెప్త. 1977ల జివ్, లెంపెల్ అని ఇద్దరు ఒక ఉపాయం చెప్పిండ్రు. ఒకసారి వచ్చిన ముక్క మళ్ల వస్తే మళ్ల రాసుడెందుకు? "గింత ఎనుకకు పో, గింత పొడుగు తీస్కో" అని గుర్తు పెడితే సాలు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ల ఆ టిక్కు ఎనుక ఉన్నది ఈ తీరు లెక్కనే. జిప్ లెక్క నువ్వు విప్పే పని లేదు, ఫైల్ తెరిస్తే అదే విప్పుకుంటది. కాకపోతే జిప్ చేసినంత తగ్గదు.

తెలుగు రాతకు ఇది మస్తు కలిసొస్తది. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిల 'క' అంటే మూడు బైట్లు, గుడి పెట్టి 'కి' చేస్తే ఆరు. ఆ మూడింట్ల మొదటిది ఎప్పుడూ ఒక్కటే, రెండోది ఉన్న రెండిట్ల ఏదో ఒకటి. గంత తిరిగి తిరిగి వచ్చేదాన్ని ఒత్తుడు అల్కగనే అయితది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలల దొరికిన గోండి లిపి 2018ల యూనికోడ్‌లకు ఎక్కింది సూడు, దానికైతే అక్షరానికి నాలుగు బైట్లు, మొదటి రెండూ మారనే మారవు. ఆ లిపిల కథలు టైప్ చేసి పెట్టుకునేటోళ్లకు ఈ టిక్కు ఇంకా లాభం.

మరి ఆదిలాబాద్‌ల మరిది తీసిన పెండ్లి వీడియోలు, నాగోబా జాతర ఫొటోలు అన్నీ నీ డ్రైవ్‌లనే పడేసిండు గదా? గవి తగ్గయ్. జేపీజీ, ఎంపీ4 అంటేనే ఒకపాలి ఒత్తినయ్. జిన్నింగ్ మిల్లుల కట్టిన పత్తి బేలును ఇంటికాడ కూసోని మోకాలుతోని ఒత్తితే ఎంత తగ్గుతదో, గంతే. వర్డ్‌ల .డాక్స్ గూడ అంతే, దాని లోపలున్నది జిప్పే. చాలామందికి ఇది తెల్వక రాత్రంత డ్రైవ్ తిప్పి, పొద్దుగాల సూస్తే పిడికెడు జాగ గూడ మిగలదు.

అందుకని ఒక్క ఫోల్డర్ మీదనే చేసి సూడు. పాత బీఎంపీ బొమ్మలు, ఉత్త టెక్స్ట్ ఫైళ్లు ఉన్న ఫోల్డర్ తీస్కో. ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, "కంప్రెస్ కంటెంట్స్". అయినంక "సైజ్" ఎంతుంది, "సైజ్ ఆన్ డిస్క్" ఎంతుంది, రెండూ పక్కపక్కన పెట్టి సూడు. రెండోది బాగ తగ్గితే లాభమొచ్చినట్టు. పేజ్‌మేకర్ ఫైళ్లకూ ఇట్లనే పరీక్ష పెట్టు. రోజూ రాసే టాలీ డేటా జోలికి మాత్రం పోకు, ప్రతి ఎంట్రీకి ఒత్తుకుంట కూసుంటే మిషన్ నిదానమైతది.

ఇంకో సంగతి. గివే ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లకు ఎక్కిస్తే మళ్ల మునుపటంత పెద్దగైతయ్. టిక్కు తీసేసినా అంతే, విప్పుకునేందుకు జాగ కావాలె. డ్రైవ్ నిండిపోయినంక తీద్దామంటే తీయరాదు. ఎండకాలం కరెంటు సంగతి నీకు తెల్వంది గాదు, యూపీఎస్ సూసుకో, ముఖ్యమైనవి ముందుగాల వేరేకాడ కాపీ పెట్టు.

నన్నడిగితే, విండోస్ కొత్తది ఎక్కించినప్పుడు మిగిలిపోయిన విండోస్.ఓల్డ్ ఉన్నదేమో డిస్క్ క్లీనప్‌ల సూడు, పాతదానికి మళ్లే పని లేకుంటే తీసెయ్. జాగ ఆడనే ఎక్కువ దొరుకుతది. మరిదికేమో మొహమాటం లేకుండ చెప్పు, వీడియోలకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కొమ్మను. లగ్గానికి గన్ని పైసలు తీస్కుంటడు, డిస్క్‌కు ఇయ్యలేడా?