ముక్కు కాదు, తోక చూడండి



పోయిన నెల మా ఏడో తరగతి పిల్లలు ఇంట్లో అట్టపెట్టెలు, చిన్న మోటార్లతో కార్లు చేసుకొచ్చారు. ఒక బాబు కారు అచ్చం డబ్బాలా ఉంది. "ముందు భాగం రాకెట్‌లా సూదిగా చెయ్యి నాన్నా" అని నేనే చెప్పాను. పాపం, రాత్రి పదింటిదాకా కూర్చుని చేశాడట. కారు వేగం ఏమీ పెరగలేదు. "ఎందుకు మేడం?" అంటే నా దగ్గర జవాబు లేదు. చదివి తెలుసుకున్నాక, సలహా తప్పని వాడికి చెప్పాను. మీకూ చెబుతున్నాను.

గాలి కారును ముందు నుంచి నెట్టడమే కాదు, వెనక నుంచి లాగుతుంది కూడా. వెనక భాగం గోడలా తెగిపోతే గాలి అక్కడ కలవలేక సుడులు తిరుగుతుంది, పీడనం తగ్గుతుంది. అందుకే చేప ముందు గుండ్రంగా, వెనక సన్నగా ఉంటుంది. ఈ అడ్డును కొలిచే అంకె డ్రాగ్ కోఎఫిషియెంట్. ఘనానికి ఇది సుమారు 1.05, బంతికి 0.47, చేపలాంటి ఆకారానికి 0.04 దాకా తగ్గుతుంది. అమెరికాలో ఒకాయన తన 1992 హోండా సివిక్‌కు ఇంట్లోనే పొడవాటి తోక కట్టి, వెనక చక్రాలు కప్పి, 0.31 ఉన్న అంకెను దాదాపు 0.17కు దించారు.

ఇంట్లో ఇలా చూడండి. మోటారు తీసేసిన కారును నున్నటి గచ్చు మీద టేబుల్ ఫ్యాన్‌కు ఎదురుగా పెట్టండి. ఎంత దూరం వెనక్కి పోయిందో పిల్లలనే స్కేలుతో కొలవమనండి. తర్వాత చార్ట్ పేపర్‌తో నెమ్మదిగా సన్నబడే తోక అతికించి మళ్లీ కొలవాలి. మొదటిసారి ఆ తోకను మడిచి కారు లోపలే పెట్టాలి, లేకపోతే బరువు మారి లెక్క తప్పుతుంది (మేం మొదట తప్పాం). వెనకవైపు దారపు ముక్కలు అంటిస్తే, సుడి ఉన్నచోట అవి పిచ్చిగా ఎగురుతాయి.

మరి పరుగులో? బొమ్మకారు వేగానికి గాలి కన్నా ఇరుసు ఘర్షణే పెద్ద అడ్డు. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. మీ అసలు కారు వేరు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు, దాన్ని తోయడానికి ప్రతి సెకనుకూ కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. హైవే మీద ఖాళీ లగేజీ క్యారియర్ కూడా పెట్రోలు తాగేది అందుకే.

ఆ బాబు ఇప్పుడు తోక మూడోసారి చేస్తున్నాడు. ఇంట్లో దయచేసి మీరు చేసిపెట్టకండి, ఫ్యాన్ పట్టుకోండి చాలు.