గర్భిణికి నడక – పురిటికి ముందుజాగ్రత్త

గర్భిణిని అంచులవరకు నూనె నింపిన పాత్రవలె కుదుపు లేకుండా కాపాడాలని చరక సంహిత శారీరస్థానం చెబుతోంది. అంటే మంచం దిగరాదని అర్థం కాదు. ఇతర ఇబ్బందులు లేని గర్భిణికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వైద్యుల అనుమతితో, చల్లని వేళ, ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంతో నడవాలి. బరువులు ఎత్తరాదు.

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, శిశువు కదలికలు తగ్గడం, తీవ్రమైన తలనొప్పి కనిపిస్తే గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

2022 జూలైలో ధవళేశ్వరం వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలకు పడవే దారి అయింది. కనుక వర్షాకాలంలో నెలలు నిండే లంకవాసులు ముందుగానే ఏటిగట్టు దాటి, ఆసుపత్రికి దగ్గరలోని బంధువుల ఇంటికి చేరడం క్షేమం.