‘నా స్వభావమే అంత’ అనే ముందు

మనిషి తీరు గురించి మన సామెతలు మూడు రకాలుగా మాట్లాడతాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటుంది ఒకటి. మొక్కై వంగనిది మానై వంగునా అని నిలదీస్తుంది మరొకటి. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటుంది ఇంకొకటి. ఒకటి పుట్టుకను, ఒకటి బాల్యాన్ని, ఒకటి సావాసాన్ని పట్టుకుంది. వ్యక్తిత్వం మీద మనస్తత్వ శాస్త్రం చేసిన వాదోపవాదాలు కూడా చాలామటుకు ఈ మూడు దారుల్లోనే నడిచాయి. మూడింటిలో ఏది నెగ్గిందో తేల్చడం పండితుల పని. మనకు కావలసింది ఏది ఎక్కడ అక్కరకొస్తుందో తెలియడం.

పుట్టుక పాలు ఎంత?

1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్బర్ట్ అనే అమెరికన్ పరిశోధకులు పెద్ద ఇంగ్లిష్ నిఘంటువును ముందేసుకుని, మనిషి తీరును చెప్పే మాటలన్నీ ఏరారు. దాదాపు 18 వేలు లెక్కకొచ్చాయి. తర్వాతివారు అలాంటి మాటలను వడగట్టుకుంటూ పోగా, చివరికి ఐదు గుణాలు మిగిలాయి: కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమశిక్షణ, కలుపుగోలుతనం, సర్దుకుపోయే తత్వం, ఊరికే ఆందోళన పడే తత్వం. ‘బిగ్ ఫైవ్’ అని పేరుపడ్డ ఈ లెక్కలో రకాలు ఉండవు, పాళ్లే ఉంటాయి. ఐదూ అందరిలోనూ ఎంతో కొంత ఉండేవే.

కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం, ఈ గుణాల్లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో సుమారు సగానికి వంశపారంపర్యమే కారణం. అంటే సామెత సగం నిజం. ఆ సగం కూడా రాతి మీద గీత కాదు. సగటున చూస్తే, ఇరవైల్లోంచి నలభైల్లోకి వచ్చేసరికి మనుషుల్లో క్రమశిక్షణ పెరుగుతుంది, ఆందోళన తగ్గుతుంది.

ఇక్కడ నేర్చుకోవలసింది పోరాటం కాదు, ఎంపిక. చిన్ననాటి నుంచీ మితభాషి అయిన కుర్రాడు ఉద్యోగం కోసం రాత్రికి రాత్రి వాచాలుడు కానక్కర్లేదు. మీటింగుకి ముందే రెండు మాటలు రాసుకుని, అవి తప్పకుండా చెప్పి వస్తే చాలు. గుణం మారకపోయినా పని జరుగుతుంది.

బాల్యం రాసిన రాత

మనకు తెలియకుండా మన లోపల జరిగే తగువును ముందుకు తెచ్చినవాడు ఫ్రాయిడ్. కావాలని మారాం చేసే కోరిక, తప్పని గద్దించే అంతరాత్మ, రెంటి మధ్యా నలిగే ‘నేను’. ఈ ముగ్గురి పొత్తు బాల్యంలోనే కుదురుతుందని ఆయన వాదన. ఆయనతో కలిసి నడిచిన ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ 1911లో విడిపోయాడు. ఆడ్లర్ చిన్నప్పుడు రికెట్స్‌తో బాధపడ్డాడు, న్యుమోనియాతో చావు అంచుల దాకా వెళ్లొచ్చాడు, పెరిగి డాక్టరయ్యాడు. పెద్దవాళ్ల మధ్య పసివాడికి తాను తక్కువన్న భావం కలగడం సహజమని, దాన్ని దాటడానికి ఎంచుకున్న దారే మన వ్యక్తిత్వమని ఆయన అన్నాడు. ఫ్రాయిడ్ చూపు గతం మీద, ఆడ్లర్ చూపు గమ్యం మీద.

‘మా నాన్న నన్ను కొట్టేవాడు, అందుకే నాకూ చెయ్యి లేస్తుంది’ అనే తండ్రిని తీసుకోండి. ఆ కోపం వేరు ఎక్కడుందో ఫ్రాయిడ్ దారిలో వెతికితే దొరుకుతుంది. అక్కడే ఆగిపోతే అది సాకు అయి కూర్చుంటుంది. ‘ఈ చెయ్యి ఎత్తి నేనేం సాధించుకోవాలనుకుంటున్నాను?’ అన్నది ఆడ్లర్ దారిలో వచ్చే ప్రశ్న. ఆఫీసులో దక్కని మాట చెల్లుబాటును ఇంట్లో రాబట్టుకుంటున్నానని తేలితే, కోపం తగ్గించుకోవడానికి ఒక దారి కనబడినట్టే.

ఎప్పుడు? ఎవరి ముందు?

సావాసం సంగతి 1961లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా పిల్లల మీద చేసిన ప్రయోగంలో తేటతెల్లమైంది. గాలి నింపిన బొమ్మను పెద్దవాళ్లు కొట్టడం చూసిన పిల్లలు అవే దెబ్బలు కొట్టారు, అవే మాటలు అన్నారు. ఫోన్‌లో తలదూర్చి ‘ఫోన్ పక్కన పెట్టి చదువుకో’ అనే తల్లిదండ్రులకు ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

అసలు దుమారం లేచింది 1968లో. మనిషి గుణం అన్నిచోట్లా ఒకేలా కనబడుతుందన్న నమ్మకాన్ని మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ ప్రశ్నించాడు. మనకిది కొత్త కాదు. ఇంట్లో పులి, బయట పిల్లి అనే మనుషుల్ని చూస్తూనే ఉన్నాం. మరి పులి నిజమా, పిల్లి నిజమా? రెండూ నిజమే అంటాడు మిషెల్. ఆయన, సహచరులు ఒక వేసవి శిబిరంలో పిల్లల్ని గమనించి 1994లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద ఒకే మోతాదులో పోట్లాడే ఇద్దరు పిల్లల్లో ఒకడికి తోటివాళ్లు వెక్కిరించినప్పుడు కోపం వస్తే, ఇంకొకడికి పెద్దలు హెచ్చరించినప్పుడు వస్తుంది. ‘ఇలా జరిగితే ఇలా చేస్తాడు’ అన్న ఆ వరస మాత్రం ఎవరిది వారికే స్థిరంగా ఉంది. వ్యక్తిత్వం మాయం కాలేదు, వేరేచోట దొరికింది.

సత్వ రజస్తమో గుణాల్లో ఒక్కో సమయంలో ఒక్కోటి మిగతా రెంటినీ అణచి పైకొస్తుందని భగవద్గీత 14వ అధ్యాయం చెప్పేది కూడా ఈ ఆలోచనకు దగ్గరిదే.

ముద్ర వద్దు, వరస చూడండి

ఇంటర్నెట్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చి ‘నేను ఫలానా టైపు’ అని మురిసిపోయే ముందు 1948 నాటి ప్రయోగం ఒకటి తెలుసుకోవాలి. బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు విద్యార్థులకు పరీక్ష పెట్టి, ‘ఇది నీ వ్యక్తిత్వం’ అంటూ ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చాడు. తమకు ఎంత బాగా సరిపోయిందో చెప్పమంటే, 5కి సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరి కాగితంలోనూ ఉన్నది ఒకటే. అందులో చాలా వాక్యాలు ఒక జ్యోతిషం పుస్తకంలోవి!

కాబట్టి ‘నాకు కోపం ఎక్కువ’ అన్న వాక్యాన్ని పక్కన పెట్టి, కోపం వచ్చిన ప్రతిసారీ ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అన్నది ఒక వారం రాసుకోండి. వరస దానంతటదే బయటపడుతుంది. ఆఫీసు నుంచి రాగానే పిల్లవాడి మార్కుల కాగితం చేతికొస్తే అరుస్తున్నానని తెలిస్తే, ‘ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, టీ తాగేదాకా మార్కుల ఊసెత్తను’ అని నిర్ణయించుకోవచ్చు. ‘ఇకనుంచి కోపం తగ్గించుకుంటాను’ అన్న ఒట్టు కన్నా, ‘ఇది జరిగితే ఇలా చేస్తాను’ అని ముందే అనుకున్న మాట ఎక్కువగా ఆచరణకొస్తుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపాయి.

ఇదే కొలత ఎదుటివారికీ వాడాలి. మనం ఆలస్యంగా వస్తే ట్రాఫిక్, పక్కవాడు వస్తే బాధ్యత లేకపోవడం. మనం మాట్లాడకపోతే తలనొప్పి, కొత్త కోడలు మాట్లాడకపోతే గర్వం. మన తప్పుకు పరిస్థితిని, పరాయి తప్పుకు బుద్ధిని సాక్ష్యానికి పిలవడం మనిషికున్న పాత అలవాటు. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ‘వాడంతే’ అని మీరు ఎప్పుడో తీర్పు చెప్పేసిన మనిషి ఒకరుంటారు. ఆ మనిషి అలా ఉండనిది ఎప్పుడో, ఎవరి దగ్గరో ఈ వారం గమనించండి. అలాంటి ఒక్క సందర్భం దొరికినా మీ తీర్పును తిరగరాయక తప్పదు.